ఇల్లాలి పేరున ఇల్లు రాయించిన ఫెర్రర్

అనంతపురం జిల్లా పల్లెల్లో ఫాదర్ ఫెర్రర్ పేరు చెబితే కొందరికి బడి గుర్తుకొస్తుంది, కొందరికి బత్తలపల్లి ఆసుపత్రి గుర్తుకొస్తుంది. అయితే బస్సులో పోయేవారికి సైతం కంటికి ఆనేది మాత్రం ఊరి పక్కన వరుసగా నిలబడిన కాలనీ ఇళ్లే. ఇక్కడి పేదలకు ఆయన స్థాపించిన సంస్థ కట్టించిన ఇళ్లు పదుల వేల సంఖ్యలో ఉన్నాయి. కట్టినవి ఎన్ని అన్నదాని కంటే, ఎలా కట్టారు, ఎవరి పేరున కట్టారు అన్నదే నేటికీ చెప్పుకోదగిన సంగతి.

విన్సెంట్ ఫెర్రర్ 1920 ఏప్రిల్ 9న స్పెయిన్ దేశంలోని బార్సిలోనా నగరంలో జన్మించారు. పద్దెనిమిదేళ్లు నిండగానే ఆ దేశపు అంతర్యుద్ధంలో సిపాయిగా వెళ్లవలసి వచ్చింది. ఆయన ఉన్న పక్షం ఓడిపోయింది. ఓడినవారు సరిహద్దు దాటి ఫ్రాన్సు చేరగా, అక్కడి ప్రభుత్వం వారిని సముద్రపుటొడ్డున ఇసుకలో కంచె కట్టి ఉంచింది. చలికాలంలో తలదాచుకోను కప్పు లేని ఆ శిబిరంలో ఈ యువకుడూ ఉన్నారు. తర్వాత స్వదేశంలోనూ కొంతకాలం నిర్బంధం తప్పలేదు. న్యాయశాస్త్రం చదువు మధ్యలో వదిలి 1944లో జెస్యూట్ సంఘంలో చేరారు. 1952 ఫిబ్రవరిలో ఓడ దిగి బొంబాయిలో అడుగు పెట్టారు.

1958 నుంచి మహారాష్ట్రలోని మన్మాడు ప్రాంతంలో పని. అదీ మెట్ట సీమే. బావి తవ్వుకుంటానన్న రైతుకు గోధుమలు, నూనె ఇచ్చి, ఆ తిండి తింటూ తన బావి తానే తవ్వుకోమనేవారు. ఊరికే పంచిపెట్టడం ఆయన పద్ధతి కాదు. ఈ సంగతి పాఠకులు గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత మన జిల్లాలో ఇళ్ల విషయంలోనూ అదే నడిచింది.

రైతులు కూడగట్టుకోవడం అక్కడి పెద్దలకు గిట్టలేదు. మత మార్పిడి కోసం వచ్చాడన్న ఆరోపణా తోడైంది. 1968లో దేశం విడిచి పోవాలని ఉత్తర్వు వెలువడింది. వేలాది రైతులు మన్మాడు నుంచి బొంబాయికి కాలినడకన బయలుదేరారు. ఎట్టకేలకు ప్రధాని ఇందిరాగాంధీ కల్పించుకుని, ఆయన కొంతకాలం స్వదేశానికి వెళ్లి తిరిగి రావచ్చునని తెలియజేశారు. తిరిగి వచ్చారు గాని మహారాష్ట్రకు కాదు. 1969లో అనంతపురం చేరారు. చేరిన ఖాళీ ఇంట్లో గోడ మీద, అద్భుతం కోసం వేచి ఉండమనే అర్థం వచ్చే రాత ఒకటి కనిపించిందని ఆయన తర్వాత చెప్పుకునేవారు. ఆ ఏడాదే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ప్రారంభమైంది. మరుసటి ఏడాది జెస్యూట్ సంఘాన్ని వదిలి, ఆంగ్ల పాత్రికేయురాలు ఆన్ పెర్రీని వివాహమాడారు. సంఘం వదిలినా పల్లెలకు ఆయన ఫాదరే.

కొట్టం, మట్టి మిద్దె

అప్పటి మన పల్లెల సంగతి పెద్దవారికి చెప్పనక్కరలేదు, పిల్లలకు చెప్పాలి. కాస్త కలిగినవారిది మట్టి మిద్దె. దూలాలు, దంతెలు పరిచి, పైన చవుడు కప్పేవారు. ఏటా వానలకు ముందు కొత్త చవుడు ఎక్కించకపోతే ఇల్లంతా కారుతుంది. లేనివారిది కొట్టం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని ఈ సీమలో కొట్టానికి కప్పు వేయడం కూడా కరువు పనే. వాన లేని ఏడు కసువు మొలవదు. మొలిచిన నాలుగు పరకలు పశువు నోటికి అందించాలా, ఇంటి మీద వేయాలా? పశువుకే వేసేవారు. ఎండాకాలం నిప్పురవ్వ పడితే వాడకు వాడ కాలిపోయేది.

ఇక దళితవాడలు ఊరికి ఎడంగా, ఎవరికీ పనికిరాని పల్లపు చోట్ల ఉండేవి. అరుదుగా పడే వాన ఒక్క రాత్రిలో కుమ్మరిస్తే వంక నీళ్లు మొదట వచ్చేది అక్కడికే. కాబట్టి ఇల్లు కట్టించాలంటే ముందు తేలవలసింది స్థలం. ఆ స్థలం, దాని పట్టా రెవెన్యూ వారి చేతిలో ఉండేవి. గోడలు లేపడం నెలల పని, స్థలం సంపాదించడం ఏళ్ల పని. నేటికీ ఇళ్ల పథకాలు ఎక్కడ ఆగుతున్నాయో చూసినవారికి ఇది కొత్త మాట కాదు.

మన్మాడులో బావి తవ్వినట్టే ఇక్కడ ఇంటివారు తమ వంతు కష్టం చేయాలన్నది పద్ధతి. పునాది తవ్వడం, రాయీ మట్టీ మోయడం, కట్టిన గోడలు తడపడం ఇంటిల్లిపాదీ పని. మేస్త్రీ కూలి, సిమెంటు, ఇనుము సంస్థవి. గోడ తడపడం చెప్పినంత తేలిక కాదు. తాగే నీటికే బిందె పట్టుకుని దూరం నడిచే ఊళ్లలో గోడకు నీళ్లు పోయడమంటే ఎంత కష్టమో ఆడవారికే తెలుసు. కూలికి పోతే గాని పొయ్యి వెలగని ఇంటికి ఈ షరతు బరువే. దీన్ని తప్పుపట్టినవారూ ఉన్నారు. కాని తాము తవ్విన పునాది మీది ఇంటిని ఎవరో ఇచ్చిన ధర్మంగా ఎవరూ చెప్పుకోలేదు. ఆ మేరకు షరతు మంచిదేననిపిస్తుంది.

ఎవరి పేరు రాయాలి?

ఇంటి కాగితం మీద ఇల్లాలి పేరు ఉండాలన్నది మరో నియమం. తాతల నాటి నుంచి ఇల్లూ వాకిలీ మగవాడి పేరున నడిచే చోట ఇది చిన్న మార్పు కాదు. వేరుశనగ పంట ఎండితే అప్పు, అప్పుకు తాకట్టు, తాకట్టు పెట్టేది ఉన్న ఇల్లే. ఇల్లాలి పేరున ఉన్న ఇంటిని ఆమె వేలిముద్ర లేకుండా తాకట్టు పెట్టడం కుదరదు. తాగి వచ్చి ఇంట్లో నుంచి పొమ్మనేవాడికి ఆ ఇల్లు తనది కాదని ఊరందరికీ తెలుసు. మగవాళ్లు కూలికి బెంగుళూరు వలస పోయిన నెలల్లో ముసలివాళ్లనూ పిల్లలనూ పట్టుకుని ఊళ్లో ఉండేదీ ఆమే.

ప్రభుత్వం కూడా ఈ కాలంలో ఊరుకోలేదు. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983లో అధికారానికి వచ్చిన ఎన్.టి. రామారావు బలహీన వర్గాల పక్కా ఇళ్లను పెద్దయెత్తున చేపట్టారు. 1985లో కేంద్రం ఇందిరా ఆవాస్ యోజన తెచ్చింది. ప్రభుత్వం చేయవలసిన పని విదేశీ చందాలతో ఒకరు చేయడమేమిటన్న ప్రశ్న అప్పుడూ వినిపించింది. అది సమంజసమైన ప్రశ్నే. స్పెయిన్‌లో సామాన్య కుటుంబాలు నెలనెలా కొద్ది మొత్తం ఇచ్చి ఇక్కడి ఒక పిల్లనో పిల్లవాడినో దత్తు తీసుకున్నట్టు భావించేవి. ఆ డబ్బు పిల్లవాడి చేతికి కాక ఊరి పనులకు చేరేది. ఇందుకోసం 1996లో అక్కడ ఆయన పేరున ఒక సంస్థ ఏర్పడింది. 1998లో ఆ దేశం ఆయనకు ఆస్తూరియాస్ యువరాజు పేరిట ఇచ్చే పురస్కారం ప్రకటించింది.

2009 మార్చిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. జూన్ 19న అనంతపురంలో కన్నుమూశారు. వయసు 89 ఏళ్లు. పల్లెలు తరలివచ్చి ఆయనను బత్తలపల్లిలో భూస్థాపితం చేశాయి. 2022లో జిల్లా రెండుగా చీలాక ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది.

తొలినాళ్లలో కట్టిన ఇళ్లకు ఇప్పుడు వయసు పైబడింది. అప్పట్లో ఒక సంసారానికి సరిపోయిన చోట కొడుకులు, కోడళ్లు, మనుమలు సర్దుకోవలసి వస్తున్నది. కాగితం మీద పేరున్న అవ్వ పోతే తర్వాత ఎవరి పేరు ఎక్కాలన్న మాట ఇంటింటా వస్తుంది. కొడుకు పేరా, కోడలి పేరా, కూతురి పేరా అన్నది ఆ ఇంటివారు తేల్చుకోవలసిందే.