బియాట్రిస్ వెబ్

బియాట్రిస్ వెబ్ (జనవరి 22, 1858 - ఏప్రిల్ 30, 1943) సుప్రసిద్ధ ఆంగ్ల సామాజిక శాస్త్రవేత్త, ఆర్థికవేత్త మరియు సంఘ సంస్కర్త. పారిశ్రామిక శ్రమను, కార్మిక సంఘాలను శాస్త్రీయ పద్ధతిలో అధ్యయనం చేసిన తొలితరం పరిశోధకులలో ఈమె ముఖ్యురాలు. కార్మికులు విడివిడిగా కాక సంఘంగా ఏర్పడి యజమానులతో వేతనాలు, పని గంటల విషయమై ఒప్పందం కుదుర్చుకొనే విధానాన్ని సామూహిక బేరసారాలు అంటారు. ఈ అర్థమిచ్చే కలెక్టివ్ బార్గెయినింగ్ అనే పదబంధాన్ని 1891లో ఈమె ప్రవేశపెట్టిందని ప్రసిద్ధి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ వ్యవస్థాపకులలో ఈమె, ఈమె భర్త సిడ్నీ వెబ్ కూడా ఉన్నారు.

బాల్యం, విద్య

బియాట్రిస్ ఇంగ్లాండులోని గ్లౌస్టర్‌షైర్‌కు చెందిన స్టాండిష్ హౌస్‌లో ఒక సంపన్న కుటుంబంలో జన్మించింది. తండ్రి రిచర్డ్ పాటర్ గొప్ప వ్యాపారి. ఆయన గ్రేట్ వెస్టర్న్ రైల్వేకు అధ్యక్షుడిగా పనిచేశాడు. తల్లి లారెన్సినా లివర్‌పూల్‌కు చెందిన ఒక వర్తకుని కుమార్తె. తొమ్మిది మంది అక్కచెల్లెళ్ళలో బియాట్రిస్ ఎనిమిదవది. 1942లో బ్రిటిష్ ప్రభుత్వ రాయబారిగా భారతదేశానికి వచ్చిన స్టాఫోర్డ్ క్రిప్స్ ఈమె అక్క కుమారుడే.

ఈమెకు పాఠశాల విద్య చాలా తక్కువ. ఇంట్లోని గ్రంథాలయం, తండ్రి మిత్రుల సంభాషణలే ఈమెకు చదువు నేర్పాయి. కుటుంబ మిత్రుడైన తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ ప్రోత్సాహంతో సమాజాన్ని కూడా ప్రకృతి వలె పరిశీలించి తెలుసుకోవచ్చుననే అభిప్రాయం ఈమెలో కలిగింది. 1882లో తల్లి మరణించగా తండ్రి ఇంటి నిర్వహణ భారం ఈమెపై పడింది. రాజకీయ నాయకుడు జోసెఫ్ చాంబర్లేన్‌తో ఏర్పడిన అనురాగం వివాహానికి దారితీయలేదు. భార్యకు స్వతంత్రాభిప్రాయాలు ఉండటం ఆయనకు సమ్మతం కాకపోవడం, తన స్వాతంత్ర్యాన్ని వదులుకొనడానికి ఈమె సిద్ధపడకపోవడం ఇందుకు కారణాలు.

శ్రామికుల మధ్య పరిశోధన

1883లో ఈమె లండన్‌లోని సోహో ప్రాంతంలో ఒక దాతృత్వ సంస్థ తరఫున పేదల ఇళ్ళకు వెళ్ళి వారి స్థితిగతులను విచారించే పని చేపట్టింది. అదే సంవత్సరం లాంకషైర్‌లో నూలు మిల్లులున్న బేకప్ పట్టణానికి మారుపేరుతో వెళ్ళి, తల్లి తరఫు దూరపు బంధువులైన కార్మిక కుటుంబాల మధ్య కొన్నాళ్ళు గడిపింది. తాము నడుపుకొనే సహకార దుకాణం, ప్రార్థనా మందిరం ఆ కార్మికులకు క్రమశిక్షణను, ఆత్మగౌరవాన్ని ఇవ్వడం ఈమె గమనించింది. 1885 నుండి లండన్ రేవుల సమీపంలోని కేథరీన్ బిల్డింగ్స్ అనే పేదల నివాస సముదాయంలో అద్దెలు వసూలు చేసే బాధ్యత నిర్వహించింది. పేదరికానికి వ్యక్తుల దుర్గుణాలే కారణమన్న ఆనాటి సంపన్నుల నమ్మకం ఈ అనుభవాలతో ఈమెలో క్రమంగా సడలిపోయింది.

ఈమె బంధువు భర్త అయిన చార్లెస్ బూత్ ఆ కాలంలో లండన్ ప్రజల జీవనాన్ని, శ్రమను గురించి బృహత్తరమైన సర్వే ప్రారంభించాడు. అందులో రేవు కూలీల అధ్యయనం బియాట్రిస్ వంతుకు వచ్చింది. ఉదయాన్నే రేవు ద్వారాల వద్ద వందలాది మంది గుమికూడటం, వారిలో కొందరినే మేస్త్రీలు కొద్ది గంటల పనికి ఎంచుకోవడం, మిగిలినవారు ఖాళీ చేతులతో తిరిగిపోవడం ఈమె స్వయంగా చూసింది. కూలి తక్కువగా ఉండటం కంటే పని నిలకడగా లేకపోవడమే ఆ కుటుంబాలను ఎక్కువగా కుంగదీస్తున్నదని గ్రహించింది. ఈ విషయమై ఈమె వ్యాసం 1887లో నైన్‌టీన్త్ సెంచరీ పత్రికలో వెలువడింది. రెండేళ్ళ తరువాత, 1889లో, ఆ రేవు కూలీలే గంటకు ఆరు పెన్నీల కూలి కోసం చరిత్రాత్మకమైన సమ్మె చేసి విజయం సాధించారు.

1888లో ఈమె కుట్టుపని నేర్చుకొని, మామూలు కూలి మనిషి వేషంలో తూర్పు లండన్‌లోని దర్జీ దుకాణాలలో కొద్దిరోజులు ప్యాంట్లు కుట్టింది. చీకటి గదులలో అతి తక్కువ కూలికి ఎక్కువ గంటలు పని చేయించే ఈ వ్యవస్థను గురించి బ్రిటిష్ ప్రభువుల సభ నియమించిన విచారణ సంఘం ఎదుట సాక్ష్యమిచ్చింది. ఈ దోపిడీకి మధ్యవర్తులే కారణమని అప్పట్లో చాలామంది భావించేవారు. అయితే ఆ మధ్యవర్తులలో అనేకులు తమ కూలీలతో సమానంగా శ్రమించే పేదలేనని ఈమె గుర్తించింది. సంఘ బలం గానీ, ఫ్యాక్టరీ చట్టాల రక్షణ గానీ లేకపోవడమే అసలు కారణమని, పనిని బయటికిచ్చే పెద్ద వ్యాపారులను చట్టం బాధ్యులను చేయాలని నిర్ణయానికి వచ్చింది.

సహకారోద్యమం నుండి కార్మిక సంఘాలకు

తరువాత ఈమె సహకారోద్యమాన్ని పరిశోధన విషయంగా ఎంచుకొంది. దానికి బదులు స్త్రీల శ్రమను గురించి పరిశోధించమని ప్రసిద్ధ ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ సలహా ఇచ్చినా ఈమె తన నిర్ణయాన్ని మార్చుకోలేదు. ఫలితంగా 1891లో ది కోఆపరేటివ్ మూవ్‌మెంట్ ఇన్ గ్రేట్ బ్రిటన్ అనే గ్రంథం వెలువడింది. వినియోగదారుల సహకార సంఘాలు ఎంత విజయవంతమైనా, వాటిలో పనిచేసేవారి వేతనాలను కాపాడటానికి కార్మిక సంఘాలు కూడా తప్పనిసరి అని ఈమె ఇందులో తేల్చింది. అక్కడి నుండి ఈమె దృష్టి కార్మిక సంఘాలపైకి మళ్ళింది.

ఈ పరిశోధన కాలంలోనే 1890 జనవరిలో ఫేబియన్ సొసైటీ సభ్యుడు, ప్రభుత్వోద్యోగి అయిన సిడ్నీ వెబ్‌తో పరిచయమైంది. సిడ్నీ దిగువ మధ్యతరగతికి చెందినవాడు కావడం వల్ల తండ్రి మరణించేవరకు ఈమె తమ నిశ్చితార్థాన్ని గోప్యంగా ఉంచింది. 1892 జూలై 23న వారి వివాహం జరిగింది. బియాట్రిస్‌కు తండ్రి ఆస్తి ద్వారా ఏడాదికి సుమారు 1,000 పౌండ్ల ఆదాయం లభించడంతో సిడ్నీ ఉద్యోగం అవసరం లేకుండానే దంపతులు పరిశోధన సాగించగలిగారు.

ప్రధాన గ్రంథాలు

వెబ్ దంపతులు బ్రిటన్ అంతటా తిరిగి కార్మిక సంఘాల మినిట్స్ పుస్తకాలను, నియమావళులను చదివారు. సమావేశాలకు హాజరై కార్యదర్శులతో మాట్లాడారు. సేకరించిన ప్రతి విషయాన్ని తేదీ, స్థలం, ఆధారంతో సహా విడి కాగితంపై వ్రాయడం వీరి పద్ధతి. కాగితాలను మళ్ళీ మళ్ళీ వేర్వేరు వరుసలలో పేర్చి చూస్తే ముందుగా ఊహించని సంబంధాలు బయటపడతాయని బియాట్రిస్ విశ్వసించింది.

1894లో ప్రచురితమైన ది హిస్టరీ ఆఫ్ ట్రేడ్ యూనియనిజం కార్మిక సంఘాల చరిత్రకు ప్రామాణిక గ్రంథంగా పేరుపొందింది. ఈ సంఘాలు మధ్యయుగపు వృత్తి శ్రేణుల నుండి పుట్టినవి కావని, పనిముట్లపై యాజమాన్యం కోల్పోయి జీవితాంతం కూలిపైనే ఆధారపడే వర్గం ఏర్పడినప్పుడు ఉద్భవించాయని ఇందులో నిరూపించారు.

1897లో రెండు సంపుటాలుగా వెలువడిన ఇండస్ట్రియల్ డెమోక్రసీ సంఘాల పనితీరును విశ్లేషిస్తుంది. సంఘాలు తమ లక్ష్యాలను పరస్పర బీమా, సామూహిక బేరసారాలు, చట్టం అనే మూడు మార్గాలలో సాధిస్తాయని రచయితలు వివరించారు. ఒంటరి కార్మికుడు పూట గడవక తక్కువ కూలికైనా ఒప్పుకొంటాడు. యజమాని మాత్రం ఒక్క మనిషి రాకపోయినా నష్టపోడు. అందరికీ ఒకే కనీస రేటు నిర్ణయించినట్లయితే యజమానులు కూలి తగ్గించి పోటీపడలేరు కనుక యంత్రాలను, నిర్వహణను మెరుగుపరచుకొంటారని వాదించారు. సంఘటితం కాలేని కార్మికుల కోసం జాతీయ కనీస ప్రమాణాలను చట్టబద్ధం చేయాలన్నారు. సైబీరియా ప్రవాసంలో ఉన్న లెనిన్ ఈ గ్రంథాన్ని రష్యన్ భాషలోకి అనువదించాడు. బ్రిటన్‌లో 1909 నాటి ట్రేడ్ బోర్డుల చట్టం నాలుగు వృత్తులలో కనీస వేతనాలకు ఏర్పాటు చేసింది. వాటిలో రెడీమేడ్ దుస్తుల కుట్టుపని ఒకటి.

ప్రజా జీవితం

1905-1909 మధ్య పేదల చట్టాలపై నియమించిన రాయల్ కమిషన్‌లో బియాట్రిస్ సభ్యురాలు. మెజారిటీ సభ్యులతో విభేదించి, జార్జ్ లాన్స్‌బరీ తదితరులతో కలిసి ప్రత్యేక నివేదిక సమర్పించింది. నిరుద్యోగం వ్యక్తి తప్పు కాదని, దానిని నివారించడం ప్రభుత్వ బాధ్యత అని ఆ నివేదిక సారాంశం. ప్రభుత్వం అప్పట్లో దానిని ఆమోదించలేదు. ఆ పరిశోధనలో సహకరించిన విలియం బెవరిడ్జ్ 1942లో సాంఘిక భద్రతపై ప్రసిద్ధ నివేదికను రూపొందించాడు.

1911-12లో వెబ్ దంపతులు జపాన్, చైనా, భారతదేశం మొదలైన దేశాలలో పర్యటించారు. 1913లో న్యూ స్టేట్స్‌మన్ పత్రిక స్థాపనలో పాలుపంచుకొన్నారు. 1889లో స్త్రీల ఓటు హక్కును వ్యతిరేకించే ప్రకటనపై సంతకం చేసిన బియాట్రిస్ 1906లో ఆ వైఖరిని బహిరంగంగా మార్చుకొంది. 1919లో పరిశ్రమలలో స్త్రీలను గురించిన ప్రభుత్వ సంఘంలో సభ్యురాలిగా, వేతనం పనిని బట్టే ఉండాలి తప్ప స్త్రీ పురుష భేదాన్ని బట్టి కాదని విడిగా నివేదిక ఇచ్చింది. 1929లో సిడ్నీ లార్డ్ పాస్‌ఫీల్డ్ బిరుదు స్వీకరించినా ఈమె ఆ బిరుదును వాడటానికి నిరాకరించింది. బ్రిటిష్ అకాడమీకి ఎన్నికైన మొదటి మహిళ ఈమే.

సోవియట్ యూనియన్, విమర్శలు

1932లో వెబ్ దంపతులు సోవియట్ యూనియన్‌ను సందర్శించి, 1935లో సోవియట్ కమ్యూనిజం అనే పెద్ద గ్రంథం ప్రచురించారు. కొత్త నాగరికతా అని ప్రశ్నార్థకంతో ఉన్న దాని ఉపశీర్షిక నుండి 1937 ముద్రణలో ఆ ప్రశ్నార్థక చిహ్నాన్ని తొలగించారు. అధికారిక పత్రాలపైనే ఎక్కువగా ఆధారపడి, 1932-33 నాటి ఘోరమైన కరువు తీవ్రతను, నిర్బంధాన్ని, అక్కడి కార్మిక సంఘాలకు స్వేచ్ఛ లేకపోవడాన్ని ఈ గ్రంథం తక్కువచేసి చూపిందని చరిత్రకారులు తీవ్రంగా విమర్శించారు. ఈమె మేనకోడలి భర్త, పత్రికా విలేఖరి మాల్కమ్ మగ్గరిడ్జ్ అదే కరువును స్వయంగా చూసి 1933లోనే వార్తలు పంపాడు. లండన్ రేవులలో, కుట్టు దుకాణాలలో పత్రాలను కంటితో చూచినదానితో సరిపోల్చుకొన్న పద్ధతి ఈ చివరి పరిశోధనలో లోపించింది.

మరణం, వారసత్వం

బియాట్రిస్ 1943 ఏప్రిల్ 30న హాంప్‌షైర్‌లోని పాస్‌ఫీల్డ్ కార్నర్ గృహంలో మరణించింది. సిడ్నీ 1947లో మరణించిన తరువాత ఇద్దరి చితాభస్మాన్ని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఉంచారు. ఈమె ఆత్మకథ మొదటి భాగం మై అప్రెంటిస్‌షిప్ 1926లోను, రెండవ భాగం అవర్ పార్ట్‌నర్‌షిప్ మరణానంతరం 1948లోను వెలువడ్డాయి. 1873 నుండి మరణించేవరకు వ్రాసిన దినచర్యలు, కార్మిక సంఘాలపై దంపతులు సేకరించిన పత్రాలు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ గ్రంథాలయంలో భద్రపరచబడ్డాయి. ఈమె ప్రచారంలోకి తెచ్చిన సామూహిక బేరసారాల భావన 1949లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 98వ ఒడంబడికలో కార్మికుల హక్కుగా స్థానం పొందింది.