మనిషి గుణం మారుతుందా? రెండు మాటలూ వేమనవే

కొత్తచెరువు: ఈ ప్రాంతపు పల్లెల్లో రచ్చబండ దగ్గర ఎవరి మంచిచెడ్డలైనా మాటకు వచ్చాయంటే వేమన పద్యం రాకుండా వుండదు. తాగుడుకు అలవాటుపడి ఇల్లు గుల్ల చేసుకున్నవాడు మళ్ళీ దారికొస్తాడా అన్న ప్రశ్న వచ్చిందనుకోండి. పుట్టుకతో వచ్చిన గుణం ఎంత చేసినా పోదనే అర్థం వచ్చే పద్యం ఒకరు చదువుతారు. పట్టు వదలకుండా సాధన చేస్తే కాని పని లేదనే అర్థం వచ్చే పద్యాన్ని ఇంకొకరు అందుకుంటారు. ఆ తగువు తెల్లారినా తీరదు. ఎందుకంటే రెండు పద్యాలూ వేమన పేరు మీదనే వున్నాయి. పండితులకు ఇదొక చిక్కు. పల్లె జనానికి చిక్కేమీ లేదు, ఏది అవసరమైతే అది వాడుకుంటారు.

ఈ రెండు మాటల్లో వేమన అసలు మాట ఏదో తెలుసుకోవాలంటే ఆయన బతికిన తీరు చూడవలసి వుంటుంది. ఆ బతుకు ముగిసింది మన సీమలోనే. కదిరి దాటిన తర్వాత గాండ్లపెంట మండలం కటారుపల్లెలో ఆయన సమాధి వుంది. 2022లో జిల్లాలు విడగొట్టేదాకా అది అనంతపురం జిల్లా వూరు. ఇప్పుడు కొత్తచెరువుతో పాటు శ్రీ సత్యసాయి జిల్లాలో వుంది. ఆయన పుట్టింది కొండవీడు అని కొందరు అంటే, రాయలసీమలోనే పుట్టాడని మరికొందరు వాదిస్తారు. శాసనం ఏదీ లేదు. 17వ శతాబ్దం వాడని చాలామంది పండితుల అభిప్రాయం. కాబట్టి వేమన జీవితంగా మనకు మిగిలింది జనం చెప్పుకుంటూ వచ్చిన కథే.

జల్సారాయుడు

ఆ కథ ప్రకారం వేమన కలిగిన రెడ్ల ఇంట పుట్టాడు. అన్న సంపాదన, వదిన గారాబం. పనీపాటా లేకుండా తిరుగుతూ ఒక వేశ్య మోజులో పడ్డాడు. ఆమె ఒకనాడు వదినగారి ముక్కెర కావాలని పట్టుబట్టింది. వదిన కాదనలేదు గాని ఒక షరతు పెట్టి నగ చేతికిచ్చింది. ఆ షరతు ప్రకారం నడుచుకున్న వేమన, అంతకాలం తాను దేనికోసం వెర్రెత్తిపోయాడో దాన్ని కళ్ళారా చూసి సిగ్గుపడి నగతో సహా ఇంటికి తిరిగి వచ్చాడని చెబుతారు. తిట్టి కొట్టి మార్చలేని మరిదిని ఆ తల్లి ఒక్క ఉపాయంతో మార్చింది. వేమన కథలో ఆమెకు దక్కవలసినంత పేరు దక్కలేదనే చెప్పాలి.

ఆడదాని మోజు వదిలినా ఆశ వదల్లేదు. తర్వాత బంగారం చేసే విద్య వెంట పడ్డాడు. ఆ విద్యను గురించిన పద్యాలు ఆయన పేరు మీద ఇప్పటికీ చాలా వున్నాయి. అభిరాముడి కథ ఇంతకన్నా ముఖ్యమైనది.

అభిరాముడనే కంసాలి రోజూ తెల్లవారుజామున పోయి కొండ గుహలో ఒక యోగికి సేవ చేసేవాడట. మంత్రోపదేశం చేస్తానని యోగి మాట ఇచ్చిన రోజున, ఈ సంగతి పసిగట్టిన వేమన అభిరాముణ్ణి ఏదో పని మీద ఇంటి దగ్గరే కట్టిపడేసేలా చేసి, తానే గుహకు వెళ్ళి ఆ ఉపదేశం పొందాడు. అంటే ఏళ్ళ తరబడి ఒకరు చాకిరీ చేస్తే ఫలం మరొకరు తన్నుకుపోయారన్నమాట. పొలం కౌలుకు చేసిన వాడి పంటను కళ్ళంలోనే ఎత్తుకుపోయినట్టు. తిరిగి వచ్చిన వేమన కంసాలి కాళ్ళ మీద పడ్డాడు. తీసుకున్న మంత్రాన్ని వెనక్కి ఇవ్వడం కుదరదు. అందుకే తాను చెప్పే ప్రతి పద్యం చివర తన పేరు కంటే ముందు అభిరాముడి పేరు పెట్టుకున్నాడని జనం నమ్మకం. పండితులు దీన్ని ఒప్పుకోరు, ఆ మకుటానికి వేరే అర్థాలు చెబుతారు. చెప్పనీయండి. ఒక రెడ్డి తన తప్పుకు పరిహారంగా కంసాలి పేరును తన పేరుకు ముందు నిలబెట్టాడని నమ్మి, దాన్ని తరతరాలుగా పిల్లలకు చెప్పుకున్న జనం సంగతి కూడా ఆలోచించవలసిందే.

వూరి తిండి, వూరికే చివాట్లు

యోగి అయ్యాక వేమన మఠం కట్టలేదు, ఒక వూళ్ళో నిలవలేదు. గోచి కూడా లేకుండా తిరిగాడని చెబుతారు. మనం చూసే బొమ్మల్లోనూ అలాగే వుంటాడు. ఏ వూరు పెట్టిన ముద్ద తిన్నాడో ఆ వూరినే నిలబెట్టి కడిగాడు. పుట్టుకను బట్టి ఒకణ్ణి ఎక్కువ, ఒకణ్ణి తక్కువ అనడం ఆయన దృష్టిలో తెలివితక్కువ. అందరి ఒంట్లో వున్నదీ ఒకే రక్తమాంసాలని చెప్పాడు. శైవులను, వైష్ణవులను, బూడిద పూసుకున్న సన్యాసులను, ఎవరినీ వదల్లేదు. రాతికి మొక్కి ఆకలిగొన్నవాణ్ణి గడప బయట నిలబెట్టే భక్తి ఆయనకు గిట్టదు. తీర్థయాత్రకన్నా ఆకలి తీర్చడం మేలన్నాడు. వాన మొహం చూడక చెరువులు ఎండే మన సీమలో ఆ మాట విలువ ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. డబ్బున్నవాడి మాట చెల్లుతుందని, లేనివాడు నిజం చెప్పినా ఎవరూ వినరని కూడా గుర్తించాడు.

అయితే వూరిని ఇంతగా తిట్టిన మనిషికి తిండి పెట్టింది మళ్ళీ వూరే. ఇల్లూ వాకిలీ విడిచిపెట్టినంత మాత్రాన ఎవరి అవసరమూ లేకుండా బతకడం కుదరదు. లోకాన్ని ఒకేసారి మార్చే పథకం కూడా ఆయన దగ్గర లేదు. ఎవరికి వారు తమ లోపలికి చూసుకోమన్నాడు, అంతే. అది చాలదని నేటి కాలపు సంఘసంస్కర్తలు అనవచ్చు.

ఆయనలో లోపాలు లేవనడం సరికాదు. ఆడవాళ్ళను కించపరిచే పద్యాలు ఆయన పేరు మీద తక్కువేమీ లేవు. వదిన వల్ల బాగుపడిన మనిషి నోట ఆ మాటలు రావడం వింతే. అన్నీ ఆయనవి కావనీ, తర్వాతివాళ్ళు చేర్చినవనీ కొందరు సర్దిచెబుతారు. నచ్చినవి ఆయనవి, నచ్చనివి ఇతరులవి అనడం మాత్రం న్యాయం అనిపించుకోదు.

దొర చేసిన మేలు

పండితులు వేమనను చాలాకాలం కవిగానే లెక్కించలేదు. జనం నోళ్ళలో, తాటాకుల్లో వున్న పద్యాలను ఏర్చి కూర్చింది సి.పి.బ్రౌన్ దొర. 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చిన బ్రౌన్, 1824లో ఒక ఫ్రెంచి మతగురువు పుస్తకంలో వేమన ప్రస్తావన చూసి ప్రతులు సేకరించడం మొదలుపెట్టాడు. 1829లో 693 పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. 1839లో మళ్ళీ వేసేసరికి అవి 1164 అయ్యాయి.

తర్వాత వేమనను పండితుల సభలో నిలబెట్టింది మన సీమవారే. రాళ్ళపల్లి గ్రామంలో 1893లో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, 1928లో ఆంధ్ర విశ్వవిద్యాలయం తరఫున వేమన మీద వరుసగా ఉపన్యాసాలిచ్చారు. వేమన బలాన్నీ బలహీనతనూ ఏదీ దాచకుండా చెప్పిన ఆ ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చాయి. 1947లో చిత్తూరు నాగయ్య వేమనగా నటించిన సినిమాకు దర్శకత్వం వహించిన కె.వి.రెడ్డిది తాడిపత్రి. 1972లో తపాలా శాఖ వేమన బిళ్ళ వేసింది.

ఇక కటారుపల్లెలో సమాధి వున్నచోట గుడి వెలిసింది. రాతిపూజను ఎగతాళి చేసిన మనిషికే ఇప్పుడు అక్కడ పూజలు జరుగుతున్నాయి. పద్యాల లెక్క మాత్రం నేటికీ తేలలేదు. పల్లెల్లో ఎవరికైనా ఒక మంచి మాట తోస్తే నాలుగు పాదాలుగా అల్లి, చివర అభిరాముడి పేరు, వేమన పేరు తగిలించి వదిలేయడం పాత అలవాటే. అలా చేరిన పద్యం ఎవరిదని అడిగితే వేమనదే అంటారు.