ఇసుకలో అక్షరములు దిద్దిన దొరగారు

వయస్సు వచ్చిన తరువాత పరభాష పట్టుబడదని మనలో పలువురు చెప్పుకొందురు. బర్తొలొమేయు జీగెన్‌బాల్గు దొరగారి చరిత్ర వినినవారు ఆ మాట అంత తేలికగా అనలేరు.

ఆయన 1682వ సంవత్సరము జూలై 10వ తేదీన జర్మనీలో సాక్సనీ సీమయందలి పుల్స్‌నిట్జు అను చిన్న ఊరిలో జన్మించెను. చిన్నతనముననే తలిదండ్రులు గతించిరి. శరీరము బలహీనము, జబ్బు ఆయనను ఎన్నడును విడిచినది కాదు. కొంతకాలము హాలే పట్టణమున చదివెను. డెన్మార్కు రాజగు నాలుగవ ఫ్రెడరిక్ ఆయనను, ప్లూచో అను మరియొక యువకుని మన దేశమునకు పంపెను. వారు 1706 జూలై 9న తరంగంబాడి రేవులో దిగిరి. మరునాటికి జీగెన్‌బాల్గుకు 24 ఏండ్లు నిండెను.

తరంగంబాడి తంజావూరు సీమలో సముద్రపు ఒడ్డున నున్నది. దానిని 1620లో డేనులకిచ్చినవాడు తంజావూరి రఘునాథ నాయకుడు. తెలుగున కావ్యములు వ్రాసిన ఆ రఘునాథుడే. జీగెన్‌బాల్గు వచ్చునాటికి ఆ కోటలో వర్తకము జరుగుచుండెను గాని, సువార్తికులు వచ్చుట అక్కడి అధికారికి ఎంతమాత్రము ఇష్టము లేదు.

ఆ రేవులో దొరలకును దేశస్థులకును నడుమ పోర్చుగీసు మాటలు నడిచెడివి. ఆ భాషతో దొరల ఇండ్లలో పని చేయువారితో మాటలాడవచ్చును. కోట గోడ దాటి వరిచేలలోనికి పోయినచో అది ఎవరికి తెలియును? దుబాసీని పెట్టుకొనవచ్చును, కాని దుబాసీ ఏమి చెప్పుచున్నాడో ప్రసంగికునికి తెలియదు. పోర్చుగీసు పని విశేషముగా ప్లూచో చూచుకొనెను. జీగెన్‌బాల్గు తమిళము పట్టెను.

వ్యాకరణ పుస్తకము చేతికందలేదు. అందుచేత ఒక వృద్ధుడైన పంతులును బ్రతిమాలి, ఆయన వీధిబడిని తమ ఇంటికే తెప్పించుకొనిరి. మన పెద్దలు ఓనమాలు దిద్దినట్లే, రాజు పంపిన ఈ దొరగారు పసిపిల్లల ప్రక్కన నేలమీద కూర్చుండి, ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెను. పిల్లలు పలికినట్లు పలికెను. పెద్ద చదువు చదివినవానికి ఇది చిన్న సంగతి కాదు. నా తలంపులో ఆయన చదువంతటికి పునాది ఆ ఇసుకయే.

అక్షరములు వచ్చెను గాని అర్థము రాలేదు. పంతులుగారికి పోర్చుగీసు తెలియదు. అప్పుడు అళగప్ప అను దుబాసీని కుదుర్చుకొనిరి. ఇతనికి పలు ఐరోపా భాషలు తెలియును. ఇతనివలన మాటల అర్థము తెలిసికొని, జీగెన్‌బాల్గు కొన్ని నెలలలోనే జనులతో మాటలాడసాగెను.

తరువాత ఆయన పెట్టుకొనిన దినచర్యను భాష నేర్చువారెల్లరు తెలిసికొనదగును. ఉదయము 7 మొదలు 8 వరకు మునుపు వ్రాసికొనిన మాటలు వల్లించును. 8 మొదలు 12 వరకు క్రొత్త తాళపత్ర గ్రంథములు చదువును. ప్రక్కన ఒక వృద్ధకవి కూర్చుండి అర్థము చెప్పును, ఒక వ్రాయసకాడు ప్రతి క్రొత్త మాటను వ్రాసిపెట్టును. సాయంకాలము 3 మొదలు 5 వరకు మరల చదువే. రాత్రి 7 కొట్టగానే, కన్నులకు శ్రమ కలుగకుండ ఒకరు చదువుచుండగా తాను వినును. తన మాటకును వ్రాతకును మాదిరిగా నుంచుకొనదగిన కవులనే ఏరికొనెడివాడు. కొన్ని గ్రంథములను నూరుమార్లు చదివెనట! పెంతెకొస్తు దినమున శిష్యులకు భాషలు ఒక్క గడియలో అనుగ్రహింపబడెను (అపొ. కార్య. 2వ అధ్యాయము). ఈయనకు మాత్రము గంటలు లెక్కపెట్టుకొని చదువవలసివచ్చెను.

వ్రాయసకాండ్రను ఊరూరికి పంపి తాళపత్రములు కొనిపించెను, దొరకనివానికి ప్రతులు వ్రాయించెను. 1708 నాటికి నూటికి పైగా తమిళ గ్రంథముల పట్టిక సిద్ధపరచెను. వానిలో హిందూ గ్రంథములు, జైన గ్రంథములు కలవు. రోమను కతోలిక గురువులు వ్రాసినవియు కలవు. క్రైస్తవ సంగతులకు తగిన తమిళ మాటలు ఈ కతోలిక పుస్తకములలోనే ఆయనకు అనేకము దొరికెను. ఒకరి పుస్తకమని త్రోసివేయలేదు.

పండితుల తమిళము వేరు, బజారు తమిళము వేరు. మన గ్రాంథికము, వ్యావహారికము వంటిదే ఈ తగవు. కవుల భాష ఎరిగియు, ప్రసంగములో ఆయన తీరవాసుల వాడుక మాటనే పట్టెను. పండితులకది నచ్చలేదు, తరువాతివారు ఆయన తర్జుమాను దిద్దవలసివచ్చిన మాటయు నిజమే. అయినను వినినవారికి అర్థమయ్యెను.

1708 అక్టోబరులో క్రొత్త నిబంధన తర్జుమా మొదలుపెట్టెను. కొద్దివారములకే ఆ అధికారి ఆయనను ఖైదులో పెట్టించెను. అక్కడ కలము, సిరా, కాగితము లేవు. ఏ పనికై వచ్చెనో ఆ పని నాలుగు నెలలు నిలిచిపోయెను. విడుదలయై మరల కూర్చుండి 1711 మార్చి 31న ముగించెను. అది 1714, 1715 సంవత్సరములలో తరంగంబాడిలోనే అచ్చు వేయబడెను.

ఈలోగా 1713లో దక్షిణదేశపు దేవతలనుగూర్చి, జనుల నమ్మకములనుగూర్చి పెద్ద గ్రంథము వ్రాసి హాలేకు పంపెను. అక్కడి పెద్దలకది రుచింపలేదు. విగ్రహారాధనను తీసివేయుటకు పంపినవాడు దానిని వివరించి వ్రాయుట ఏమని, అచ్చు వేయక ప్రక్కన పెట్టిరి. 1867లో గాని అది వెలుగు చూడలేదు. పొరుగువాని భాష నేర్చి అతని మనస్సు ఎరుగకుండుట ఎట్లో ఆ పెద్దలు చెప్పలేదు.

1716లో ఆయన తమిళ వ్యాకరణము హాలేలో అచ్చయ్యెను. తన తరువాత వచ్చువారు ఇసుకతో ప్రారంభింపనక్కర లేకుండ చేసెను. పాత నిబంధనలో రూతు వరకు తర్జుమా చేసి, 1719 ఫిబ్రవరి 23న, 36వ యేట నిద్రించెను. తరంగంబాడిలో తాను కట్టించిన క్రొత్త యెరూషలేము దేవాలయములోనే ఆయన సమాధి యున్నది.

ఆ యేడే బెంజమిను షుల్ట్జు దొరగారు తరంగంబాడి చేరెను. మిగిలిన పాత నిబంధనను తమిళములో ముగించినవాడు ఆయనే. పిమ్మట చెన్నపట్టణము పోయి, అక్కడ మన తెలుగు నేర్చి, బైబిలును తెలుగున తర్జుమా చేసెను. అది వ్రాతప్రతిగానే నిలిచెను. స్వదేశమునకు తిరిగి వెళ్లిన తరువాత, 1746, 1747 సంవత్సరములలో హాలేలో కొన్ని చిన్న క్రైస్తవ పుస్తకములను తెలుగులో అచ్చు వేయించెను. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకములుగా ఎన్నబడుచున్నవి అవియే.