కాటన్ దొరకు కావేరి నేర్పిన పాఠము

మానవుని ఆయువు స్వల్పము. నేర్వవలసిన విషయములు అనంతములు. ప్రతిదానిని స్వయముగా పడి లేచియే నేర్చుకొందు మన్నచో ఒక జన్మము చాలదు. ఈ సత్యము నెరిగి కృతార్థులైన కార్యశూరులలో సర్ ఆర్థర్ కాటన్ ఒకడు.

ఆయన 1803వ సంవత్సరమున ఇంగ్లండులో జన్మించెను. 1821లో చెన్నపట్టణము చేరి సైనిక ఇంజనీరుగా కొలువు ప్రారంభించెను. కొంతకాలమునకు తంజావూరు సీమ నీటివనరుల పని ఆయనకు లభించెను. అచ్చట కావేరి జలము పల్లమైన కొల్లడములోనికి జారిపోవుచుండగా పంటకాలువలు ఎండిపోవుచుండెను. కొల్లడమునకు అడ్డుకట్ట వేయవలయును. కాని లోతు తెలియని ఇసుకలో పునాది నిలుచునా?

ప్రశ్నకు సమాధానము గ్రంథములలో గాక కావేరిలోనే కాటన్‌కు కనబడెను. కరికాల చోళుడు కట్టించెనని ప్రతీతిగల కల్లణై అను రాతికట్ట ఎన్నో శతాబ్దములుగా ఆ ఇసుకమీదనే వరదలకు చలింపక నిలిచియుండెను. పెద్ద రాళ్లను ఇసుకలో దిగబడనిచ్చి, అవి కదలక కుదురుకొనిన పిమ్మట వానిపై బంకమట్టితో రాతికట్టడమును లేపిన పూర్వుల విధానమును ఆయన శ్రద్ధతో పరిశీలించెను. పాలకజాతివాడ నను అహంకారము అడ్డు రాలేదు. ఈ దేశపు ప్రాచీన శిల్పులే తనకు గురువులని తన రచనలలో అంగీకరించెను. ఆ పాఠము ఊతగా 1836లో కొల్లడముపై ఆనకట్టలకు పూనుకొని విజయము సాధించెను.

అప్పటికి గోదావరీ మండలము కరవులచే, తుపానులచే చితికియుండెను. 1821లో ఏడు లక్షలకు పైబడిన రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు తగ్గెను. మహానది చెంతనే పారుచుండగా జనులు అన్నము లేక అలమటించుట కాటన్ హృదయమును కలచివేసెను. కావేరిలో నేర్చిన విద్యను ఆయన గోదావరిపై ప్రయోగించెను. 1847లో ధవళేశ్వరమున పని ఆరంభమయ్యెను. నడుమ అనారోగ్యముచే ఆయన సెలవుపై పోవలసివచ్చినను కెప్టెన్ ఓర్ పని సాగించెను. వీణెం వీరన్న వంటి స్థానికులు చేదోడుగా నిలిచిరి. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. కరవుసీమ ధాన్యాగారమయ్యెను.

అయితే ఒకచోటి అనుభవము వేరొకచోట యథాతథముగా ఫలింపదు. ఆయన ప్రోత్సాహముతో వెలసిన కర్నూలు–కడప కాలువ కంపెనీకి నష్టమునే మిగిల్చెను. నల్లరేగడిలో మెట్టపైరులకు అలవడిన రైతులు ఆ నీటిని అంతగా కోరలేదు. తుదకు 1882లో ప్రభుత్వము దానిని కొనెను. పాఠమును గ్రహించుట ఎంత అవసరమో, నేలను, జనుల అలవాటును ఎరిగి దానిని వాడుటయు అంత అవసరము.

1899లో కాటన్ కన్నుమూసెను. పాత ఆనకట్ట స్థానమున 1982 నాటికి వెలసిన బారేజి ఆయన పేరనే పరగుచున్నది. విద్యార్థులు ఆ పేరు చదివినపుడు, ఆయనకు పాఠము చెప్పిన కావేరీతీరపు పేరు తెలియని పనివారిని కూడ స్మరింపవలెను.