పల్లినూనె తాగిన ఇంజన్

థర్మల్ ల్యాబ్‌లో డీజిల్ ఇంజన్ చుట్టూ నిలబడి రీడింగ్స్ రాసుకున్నన్ని రోజులూ, డీజిల్ అంటే ఒక మనిషి పేరని నాకు తట్టలేదు. మీకు తట్టిందా? మొన్న మా బాపు ఎనుమాముల మార్కెట్‌లో పల్లికాయ అమ్మి, ఆ పైసల్లోంచే ట్రాక్టర్‌కి డీజిల్ పోయించాడు. అప్పుడు చదివాను ఈ మనిషి గురించి.

రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మన్లు, తండ్రిది తోలు పని. 1870 యుద్ధంతో కుటుంబం లండన్ చేరింది. పన్నెండేళ్ల పిల్లాడిని చదువు కోసం జర్మనీలో బంధువుల ఇంటికి పంపేశారు. మ్యూనిక్‌లో ఇంజనీరింగ్ చదువుతుంటే, ఆవిరి యంత్రం బొగ్గు వేడిలో పదో వంతుకు మించి పనిగా మార్చలేదని ప్రొఫెసర్ లిండే క్లాసులో విన్నాడు. ఇక ఆ మాట వదల్లేదు.

గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది, అందులో ఇంధనం దానంతటదే అంటుకుంటుంది. స్పార్క్ అక్కర్లేదు. 1893లో తొలి పరీక్షలోనే కొలత పరికరం పేలింది. నాలుగేళ్లు కుస్తీ పట్టి, 1897లో 26% సామర్థ్యం సాధించాడు.

ఈ ఇంజన్‌ని పల్లినూనె కోసమే కనిపెట్టాడని కొందరు రాస్తారు. కాదు. 1900 పారిస్ ప్రదర్శనలో ఒట్టో కంపెనీ ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ని పల్లినూనెతో నడిపింది. ఆ ఆలోచన ఫ్రెంచ్ ప్రభుత్వానిది, ఆఫ్రికా వలసల్లో పల్లి బాగా పండుతుందని. ఇంజన్ ఎంత సాఫీగా నడిచిందంటే, చూసినవాళ్లలో చాలామందికి తేడానే తెలియలేదు. డీజిల్‌కి మాత్రం అది మనసులో నాటుకుంది. మొక్కల నూనెలు ఒకరోజు పెట్రోలియమంత ముఖ్యమవుతాయని 1912లో వాదించాడు. మరుసటి ఏడాది సెప్టెంబర్ 29 రాత్రి, ఇంగ్లండ్ వెళ్లే ఓడలోంచి మాయమయ్యాడు. పీకల్లోతు అప్పులు. కొన్ని రోజులకు సముద్రంలో శవం దొరికింది. ఏం జరిగిందో ఇప్పటికీ తేలలేదు.

ఇదంతా చెప్తే బాపు నవ్వాడు. పల్లినూనె కూరలోకే సరిపోవట్లేదు, ఇంజన్‌కి ఎక్కడ పోస్తామన్నాడు. నిజమే, తినే పంటను కాల్చడం నాకూ నచ్చలేదు. కానీ కానుగ నూనె ఎవరూ తినరు కదా! అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో ఆదివాసీ మహిళలు కానుగ చెట్లు పెంచారు. ఆ నూనె డీజిల్‌కి బదులు వాడితే తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది.

మా చేను గట్టు మీద రెండు కానుగ చెట్లున్నాయి. గింజలు ఏటా మట్టిలో కలిసిపోతాయి. ఈసారి ఒక సంచి ఏరి తెస్తాను. నూనె చిక్కగా ఉంటుంది, అలాగే పోస్తే ఇంజెక్టర్ పూడుకుపోతుంది. మిథనాల్‌తో బయోడీజిల్‌గా మార్చాలి. మినీ ప్రాజెక్టుకి తోడు వచ్చేవాళ్లు చెప్పండి.