రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ

రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (జనవరి 23, 1893 - మార్చి 11, 1979) తెలుగు కవి, విమర్శకుడు, అనువాదకుడు, కర్ణాటక సంగీత విద్వాంసుడు. సాహిత్యము, సంగీతము రెండింటిలోను సమానమైన అధికారం గల కొద్దిమందిలో ఆయన ఒకడు. తాళ్ళపాక అన్నమాచార్యుని సంకీర్తనలకు స్వరరచన చేసి, వాటిని తిరిగి గాయకులకు అందించిన తొలితరం వారిలో ప్రముఖుడు.

జననం, విద్యాభ్యాసం

అనంతపురం జిల్లా, కంబదూరు మండలంలోని రాళ్ళపల్లి గ్రామంలో జన్మించాడు. తల్లిదండ్రులు అలమేలుమంగమ్మ, కర్ణమడకల కృష్ణమాచార్యులు. ఇంటిపేరు కర్ణమడకల అయినప్పటికీ స్వగ్రామం పేరే ఆయనకు ఇంటిపేరుగా స్థిరపడింది. బాల్యంలో తండ్రి వద్ద సంస్కృతాంధ్రాలు, తల్లి వద్ద పాటలు నేర్చుకున్నాడు. వానలు చాలని ఈ మెట్టప్రాంతం నుండి చిన్న వయసులోనే మైసూరు చేరి, పరకాల మఠంలో సంస్కృతం అభ్యసించాడు. బిడారం కృష్ణప్ప వద్ద సంగీతశిక్షణ పొందాడు.

ఉద్యోగం, రచనలు

మైసూరులో కట్టమంచి రామలింగారెడ్డితో ఏర్పడిన పరిచయం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. రెడ్డి ప్రోత్సాహంతో 1912లో మహారాజా కళాశాలలో తెలుగు పండితుడుగా చేరి, సుమారు 38 సంవత్సరాలు అక్కడే బోధించాడు.

1928లో ఆంధ్ర విశ్వవిద్యాలయం తరఫున వేమనపై ఉపన్యాసాలిచ్చాడు. వేమనను కట్టుకథల నుండి వేరుచేసి, కవిగాను, సంస్కర్తగాను పరిశీలించిన ఈ ఉపన్యాసాలు గ్రంథరూపంలో వెలువడి తెలుగు విమర్శలో ముఖ్యమైన రచనగా నిలిచాయి. నాటకోపన్యాసములు, సారస్వతాలోకము, గానకళ ఆయన ఇతర రచనలు. మీరాబాయి ఆయన కావ్యం. ప్రాకృతం నుండి శాలివాహన గాథాసప్తశతీ సారమును, సంస్కృతం నుండి జాయపసేనాని నృత్తరత్నావళిని తెలుగులోకి తెచ్చాడు. కన్నడంలోను రచనలు చేశాడు.

అన్నమయ్య కీర్తనలు

పదవీ విరమణ అనంతరం తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో చేరి, తాళ్ళపాక సాహిత్య పరిష్కరణలో పాల్గొన్నాడు. 1950లో వేటూరి ప్రభాకరశాస్త్రి మరణించిన పిదప ఈ కృషిని ముందుకు నడిపినవారిలో ఈయన ముఖ్యుడు. రాగిరేకులపై పాటల పాఠము, రాగాల పేర్లు మాత్రమే ఉన్నాయి, స్వరాలు లేవు. పాడే సంప్రదాయం చాలావరకు అంతరించింది. అందువలన పాత బాణీలను పునరుద్ధరించే మార్గం లేకపోయింది. శర్మ పాటలోని భావాన్ని, నడకను ఆధారం చేసుకొని కొత్తగా వర్ణమెట్లు కూర్చి, నూటికి పైగా కీర్తనలను స్వరసహితంగా ప్రకటించాడు. పండితుల పరిశోధనకే పరిమితమై ఉన్న పదాలు ఈ విధంగా కచేరీలలో వినిపించసాగాయి.

గౌరవాలు, మరణం

1974లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదుతో సత్కరించింది. 1979లో తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన విద్వాంసుని పదవి నిచ్చి గౌరవించింది. అదే సంవత్సరం మార్చి 11న, 86 ఏళ్ళ వయసులో, ఆయన మరణించాడు.