మెతుకు సీమలో పోస్నెట్ దొర



మన కోల్‌బెల్టు నుంచి మెదక్ వెళ్ళి అక్కడి పెద్ద చర్చిని చూసి వచ్చినవారు చాలామంది ఉన్నారు. దానిని కట్టించిన చార్లెస్ వాకర్ పోస్నెట్ గారి గురించి తెలిసినవారు తక్కువ. నేను క్రైస్తవుణ్ణి కాను. అయినా బొగ్గుబాయిలో చెమటోడ్చిన మనకు ఆయన జీవితం తెలియవలసినదని తలచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పోస్నెట్ గారు వెస్లియన్ మెథడిస్టు శాఖకు చెందిన పాదిరి. ఆ శాఖకూ బొగ్గుకూ పాత చుట్టరికం ఉంది. 1739లో జాన్ వెస్లీ గారు ఇంగ్లండులోని బ్రిస్టల్ దగ్గర కింగ్స్‌వుడ్ బొగ్గు గని కార్మికులకు ఆరుబయట నిలబడి బోధించారు. పెద్ద చర్చీల గడప తొక్కని కార్మికులు ఆయన మాట విన్నారు. 1791లో వెస్లీ గారు మరణించిన తర్వాత ఆయన అనుయాయులు ప్రభుత్వ చర్చి నుంచి విడిపోయారు. బిషప్పులు లేకుండా, చాపెల్ అని పిలుచుకునే సాదా ప్రార్థన మందిరాలు కట్టుకున్నారు. ఇంగ్లండు బొగ్గు ఊళ్ళలో అవి వాడవాడలా వెలిశాయి. అక్కడ ప్రసంగించడం నేర్చిన కార్మికులు కొందరు తర్వాత యూనియన్ నాయకులయ్యారు.

1870లో పుట్టిన పోస్నెట్ గారు 1895లో సికింద్రాబాదు వచ్చారు. తిరుమలగిరి దండులో తెల్ల సిపాయిల నడుమ కొంతకాలం పనిచేసినా ఆయన మనసు పల్లెల మీదనే ఉండేది. హైదరాబాదు నుంచి మెదక్‌కు రైలు లేని రోజులవి. గుర్రం మీద రెండు రోజుల ప్రయాణం. 1896లో అక్కడికి చేరి నివాసం ఏర్పరచుకున్నారు. ఊరి బయట ఉంచబడినవారు, బావి నీళ్ళకు నోచుకోనివారు ఎక్కువగా ఆయన దగ్గరకు వచ్చారు. వారి కోసం మిషన్ బడులు, వైద్యశాల నడిచాయి. మన కరీంనగర్ ప్రాంతం కూడా ఆ వెస్లియన్ మిషన్ పనిచేసిన నేలే.

మెదక్‌ను మెతుకు సీమ అని పిలుస్తారు. అటువంటి సీమలోనే మెతుకు కరువైంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఆ కరువులో ఆకలిగొన్న జనం మిషన్ ముందు చేరారు. పోస్నెట్ గారు దానం చేసి పంపివేయలేదు. 1914లో చర్చి పని మొదలుపెట్టి, పనిచేసినవారికి తిండి పెట్టారు. పని పదేళ్ళు సాగింది. 1924 డిసెంబర్ 25న చర్చిని ప్రతిష్ఠించారు. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు. అయిదు వేల మంది ఒకేసారి ప్రార్థన చేసుకోవచ్చు.

అన్నం చూపి మతం మార్చారని అనేవారు నాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. ఆ మాటను నేను కొట్టిపారేయను. మత ప్రచారమే పాదిరి గారి వృత్తి. ఆయన దానిని దాచుకోలేదు. ఆకలితో వచ్చి ఆ మతంలో చేరినవారూ ఉండి ఉంటారు. కాని ముష్టి వేయడం వేరు, కూలి ఇవ్వడం వేరు. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన మన ఫిల్లర్లకు ఈ తేడా ఎవరూ చెప్పనక్కరలేదు. మస్టరు పడి సంపాదించిన అన్నం తిన్నవాడు తల ఎత్తుకొని ఇంటికి పోతాడు. ఆ కరువు పోయి నూరేళ్ళు దాటినా ఆ మందిరం నిండుగానే ఉంది. ఒక్క అన్నం కోసమే అయితే ఇన్ని తరాలు నిలుస్తారా అన్నది ఆలోచించవలసిన విషయం.

పోస్నెట్ గారు నాలుగు దశాబ్దాలకు పైగా ఇక్కడ సేవ చేసి 1939లో స్వదేశం వెళ్ళారు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు తదితర శాఖలు కలిసి దక్షిణ ఇండియా సంఘం, అనగా సి.ఎస్.ఐ., ఏర్పడింది. ఇంగ్లండులో సుమారు ఒకటిన్నర శతాబ్దంగా వేరు పడిన అన్నదమ్ములు ఇక్కడ ఒక్క కప్పు కిందికి వచ్చారు. బిషప్పులు లేని శాఖవారు కట్టిన మందిరం బిషప్పుగారి కెథడ్రల్ అయింది. అది జరిగిన మూడేళ్ళకు, 1950లో, పోస్నెట్ గారు కన్నుమూశారు.

ఈసారి మెదక్ వెళ్ళినప్పుడు మనుమలకు గోపురం, రంగుటద్దాల కిటికీలు చూపించండి. ఆ తర్వాత గోడల రాళ్ళను కూడా ఒకసారి చేత్తో తాకమనండి. పోస్నెట్ గారి పేరు చరిత్రలో నిలిచింది, మంచిదే. ఆ రాళ్ళు మోసినవారి పేర్లు మనకు తెలియవు. వారూ మనవంటి కూలీలే. ఈ సంచికలో ఆయనతో పాటు వారికీ నా నమస్సులు.